వీడియోలో చూసినట్టే చేశానండీ, అయినా...

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఈ ఒక్క మాటతోనే మొదలయ్యాయి. వీడియోలో చూసినట్టే చేశానండీ, అయినా కుదరలేదు, నా చెయ్యే మంచిది కాదేమో అని. వీడియో చేసినావిడ అబద్ధం చెప్పిందని నేననను. కానీ ఆవిడ ఇంటి నీళ్లు వేరు, ఆవిడ డబ్బాలో పప్పు పోయిన నెలది, మీ డబ్బాలోది పోయిన ఏడాదిది కావచ్చు, ఆవిడ స్పూనూ మీ స్పూనూ ఒక సైజు కావు. అందుకని ఈసారి జవాబులు చెప్పే ముందు మీ ఇంట్లో ఏముందో చూడమని ఎక్కువగా అడుగుతున్నాను. ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. పెళ్లయ్యాక హైదరాబాద్ శివార్లలో ఉంటున్నాం. అక్కడ మూడు విజిల్స్‌కి వెన్నలా ఉడికే కందిపప్పు ఇక్కడ ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటోంది. కుక్కర్ కూడా మార్చాను. పప్పు ఉడకబెట్టడం కూడా నేర్పలేదా అని అత్తగారు దెప్పుతున్నారు. టెన్షన్‌గా ఉందక్కా. — కొత్త కోడలు, ఘట్‌కేసర్

జవాబు: ముందు ఆ కొత్త కుక్కర్ బిల్లు దాచుకోమ్మా, తప్పు పాత కుక్కర్‌ది కాదు. మీ ఇంట్లో వాడేది బోరు నీళ్లే కదా? నీళ్లు కాచే గిన్నె అడుగున, కుళాయి మూతి చుట్టూ తెల్లటి సున్నంలాంటి పొర కడుతోందేమో చూడు. కడితే దొంగ దొరికినట్టే. ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. గింజ మెత్తబడాలంటే దాని గోడల్లో జిగురులా ఉండే పెక్టిన్ కరగాలి. ఈ కాల్షియం వెళ్లి దాన్ని పట్టుకుని బిగించేస్తుంది, అప్పుడు ఎన్ని విజిల్స్ పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. పప్పు వరకూ ఫిల్టర్ నీళ్లు పోసి చూడు. ఫిల్టర్ లేకపోతే బోరు నీళ్లే బాగా మరగబెట్టి చల్లార్చు, తెల్లటి మడ్డి అడుక్కి దిగాక పైన తేరిన నీళ్లు వంచుకుని వాడు. పూర్తిగా పోదు గానీ చాలా తేడా తెలుస్తుంది.

రెండోది, పప్పు వయసు. వేడిలో, తేమలో నెలల తరబడి నిలవున్న పప్పు ఎంత మంచి నీళ్లు పోసినా మొండికేస్తుంది. ఆఫర్ ఉందని ఐదు కేజీలు కొని ఏడాది పొడుగునా వాడేవాళ్లకి ఇది బాగా తెలుస్తుంది. అలాంటి పప్పుని అరగంట వేడినీళ్లలో నానబెట్టి వండాలి.

మూడోది, పులుపు. ఉప్పు ముందు వేస్తే పప్పు ఉడకదని మన ఇళ్లలో ఉప్పు మీద నింద వేస్తారు గానీ అసలు అడ్డం పడేది చింతపండు, టమాటా, మామిడికాయ, గోంగూర. పప్పు మెత్తబడ్డాకే పులుపు పడాలి. గోంగూర పప్పుకి ఆకు విడిగా మగ్గించి కలుపుకోవడం ఇందుకే. వంటసోడా చిటికెడు వేస్తే తొందరగా ఉడుకుతుందని ఎవరైనా చెబుతారు, ఉడికే మాట నిజమే. కానీ పప్పులోని బి1 విటమిన్ దెబ్బతింటుంది, కాస్త ఎక్కువైతే సబ్బు వాసన. ఆ పని పెట్టుకోకు.

విజిల్స్ లెక్క కూడా వదిలెయ్. పెద్ద మంట మీద ఆరు విజిల్స్ నాలుగు నిమిషాల్లో వచ్చేస్తాయి, దాంతో పప్పుకి ఒరిగేదేం లేదు. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, గడియారం చూసి పది పన్నెండు నిమిషాలు ఉంచి కట్టెయ్. లోపల ఆవిరి దానంతట అదే పోయేదాకా మూత తీయకు, సగం ఉడుకు అక్కడే పడుతుంది. ఇక అత్తగారితో వాదించకు, ఒకరోజు ఫిల్టర్ నీళ్లతో, ఒకరోజు బోరు నీళ్లతో ఆవిడ చేతే వండించు. అంతకంటే నేను చెప్పను.

ప్రశ్న: చికాగోలో ఉంటున్నాం. నవంబర్ నుంచి మార్చి దాకా ఇడ్లీ పిండి పొంగదు, ఇడ్లీలు గోడకేసి కొడితే తిరిగొచ్చేలా ఉంటున్నాయి. పిండిలో ఈస్ట్ వేయమని స్నేహితురాలు చెప్పింది. వేయనా? — ఇడ్లీ కోసం మొహం వాచిన పాఠకురాలు

జవాబు: వద్దండీ బాబూ. ఈస్ట్ వేస్తే పొంగుతుంది, పొంగి బ్రెడ్డు వాసన కొడుతుంది. ఇడ్లీ పిండిని పొంగించే సూక్ష్మజీవి ల్యుకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా, అది మినప్పప్పుతోపాటే మీ ఇంటికి వస్తుంది. దాన్ని కొత్తగా కొని తేనక్కర్లేదు, వెచ్చగా పడుకోబెడితే చాలు. 28, 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కావాలి. మీ ఇంట్లో హీటరు వేసినా వంటింటి గట్టు మీద 20 మించి ఉండదు కాబట్టి అది ముడుచుకుని కూర్చుంటుంది.

ఓవెన్ లోపలి లైటు మాత్రం వేసి (ఓవెన్ వేయకండి, మా బంధువుల అమ్మాయి ఒకతి మర్చిపోయి ఓవెనే వేసేసింది, గిన్నె నిండా కాల్చిన పిండి ముద్ద) గిన్నె లోపల పెట్టి రాత్రంతా వదిలేయండి. ఆ చిన్న బల్బు వేడి సరిపోతుంది. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు కుక్కర్ ఉంటే పెరుగు మోడ్‌లో తక్కువ వేడి పెట్టుకోవచ్చు. పిండి రెట్టింపు అవుతుంది కాబట్టి గిన్నె సగం వరకే పోయండి, లేకపోతే పొద్దున్నే ఇడ్లీ తినాల్సినవాళ్లు ఓవెన్ తుడుస్తూ కూర్చుంటారు.

ఇక పిండి సంగతి. గ్లాసు మినపగుళ్లకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పుతోపాటు అర టీస్పూను మెంతులు, నాలుగు గంటలు నానాలి. మిక్సీలో రుబ్బేటప్పుడు ఐసు నీళ్లు పోయండి, జార్ వేడెక్కితే పిండి తేలిక పోతుంది. ఒకేసారి నీళ్లన్నీ గుమ్మరించకుండా రెండేసి చెంచాలు పోస్తూ రుబ్బాలి. రుబ్బిన పిండి చిటికెడు తీసి నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి, మునిగితే ఇంకా రుబ్బండి. రవ్వని రెండు మూడుసార్లు కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి రుబ్బిన పిండిలో కలపాలి గానీ మిక్సీలో వేయకూడదు. ఎన్ని చేసినా పొంగలేదంటే ఆ మినప్పప్పు పాతది, దాన్ని సున్నుండలకి వాడేసి కొత్త ప్యాకెట్ తెచ్చుకోండి.

ప్రశ్న: ఆంటీ, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మా ఇంట్లో ఓవెన్ లేదు. అమ్మ పుట్టినరోజుకి కుక్కర్‌లో కేకు చేశాను. పొంగినట్టే పొంగి మధ్యలో గుంటలా కూలిపోయింది, లోపల పచ్చిగా ఉంది. అమ్మ బాగుందనే తింది కానీ నాకు తెలుసు. — ఒక అమ్మాయి, గాజువాక

జవాబు: అమ్మలు అలాగే తింటారు తల్లీ, వచ్చే ఏడాది నిజంగా బాగున్నది పెడదాం. కేకు మధ్యలో కూలిందంటే మూడింట్లో ఒకటి. సోడా లేదా బేకింగ్ పౌడర్ ఎక్కువైంది, అప్పుడు గాలి బుడగలు గబగబా పెద్దవై, పక్కన పిండి గట్టిపడేలోపే పగిలిపోతాయి. లేదా ఎంత పొంగిందో చూద్దామని మధ్యలో మూత తీశావు. లేదా ఇంకా ఉడక్కుండానే దింపేశావు. నీ ఉత్తరం చదివితే మూడూ జరిగాయేమో అని నా అనుమానం.

ముందు స్పూను సంగతి తేల్చుకో. టీస్పూను అంటే 5 మిల్లీలీటర్లు, టేబుల్ స్పూను అంటే 15. మన ఇంట్లో ఉప్మా తినే స్పూను ఈ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. దాంతో బేకింగ్ పౌడర్ తలకొట్టకుండా రెండు స్పూన్లు వేశావంటే పడాల్సినదానికి రెట్టింపు పడినట్టే. కప్పు మైదా అంటే సుమారు 125 గ్రాములు, దానికి బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను చాలు. వంటసోడా అయితే పావు టీస్పూను, అదీ పెరుగో నిమ్మరసమో లాంటి పులుపు ఉన్నప్పుడే, పులుపు లేకుండా సోడా వేస్తే పొంగడం సరిగ్గా ఉండదు, నాలుకకి చేదు తగులుతుంది. బేకింగ్ పౌడర్ పాతదైతే కూడా పనిచేయదు. అర స్పూను తీసి వేడినీళ్లలో వేసి చూడు, బుసబుసమని పొంగాలి. సోడాని నిమ్మరసంలో వేసి చూడు. పొంగకపోతే సింకు కడుక్కోవడానికి ఉంచుకో.

ఇప్పుడు కుక్కర్. మూతకి ఉన్న రబ్బరు గాస్కెట్, పైన వెయిట్ రెండూ తప్పకుండా తీసేయాలి, ఇది మాత్రం మర్చిపోకు. అడుగున వేలెడు మందం ఉప్పో ఇసకో పోసి, దాని మీద చిన్న స్టాండ్ పెట్టి, మూత పెట్టి పది నిమిషాలు మధ్యస్థం మంట మీద వేడెక్కనివ్వు. పలచటి అల్యూమినియం కుక్కర్ ఇలా నీళ్లు లేకుండా మాడితే పాడవుతుంది, దానికన్నా అటక మీద పడున్న మందపాటి మూకుడు, దానికి సరిపడా మూత ఉంటే అదే మేలు. పిండి కలిపాక ఆలస్యం చేయకు, సోడా పెరుగుని తాకిన నిమిషం నుంచే పొంగడం మొదలవుతుంది, నువ్వు అప్పుడు తీరిగ్గా గిన్నెకి నెయ్యి రాసుకుంటూ కూర్చుంటే ఆ గాలంతా పోతుంది. గిన్నె ముందే సిద్ధం చేసుకో. లోపల పెట్టాక మంట బాగా సన్నం చెయ్. అరగంట దాకా మూత జోలికి పోకు. నలభై నిమిషాలకి చీపురు పుల్ల, అదే కొత్తది, కడిగింది, మధ్యలో గుచ్చితే పిండి అంటకూడదు. అంటితే ఇంకో ఐదు నిమిషాలు.

ఓవెన్ లేదని చిన్నబోకు. మా గోదావరి జిల్లాల్లో దిబ్బ రొట్టె ఎలా చేసేవాళ్లో తెలుసా? మినప్పిండిలో రవ్వ కలిపి, మందపాటి ఇనప మూకుట్లో నూనె వేసి రెండు వేళ్ల మందాన పోసి, మూత పెట్టి, ఆ మూత మీద కూడా నిప్పులు వేసేవాళ్లు. కిందా పైనా వేడి, ఓవెన్ చేసేది కూడా ఇంతే. పైన ఎర్రగా కరకరలాడుతూ, లోపల దూదిలా ఉండేది, చెరకు పానకంలో ముంచుకుని తినేవాళ్లం. ఇప్పుడు గ్యాసు మీద చేస్తే సన్నటి మంట మీద ఒక పక్క పావుగంట కాల్చి, తిరగేసి ఇంకో పక్క కాల్చుకోవాలి. అమ్మకి ఒకసారి అది కూడా చేసిపెట్టు.

ప్రశ్న: కొత్తగా ఓటీజీ కొన్నాను. కేకు 350 దగ్గర పెట్టమని ఉంది, నా ఓవెన్‌లో 250 వరకే ఉంది. షాపువాడు మోసం చేశాడా?

జవాబు: లేదు. అమెరికా వంటల్లో వేడి ఫారెన్‌హీట్‌లో చెబుతారు, మన ఓవెన్ల మీద సెల్సియస్ ఉంటుంది. 350 ఫారెన్‌హీట్ అంటే మనకి 177, మీరు 180 దగ్గర తిప్పండి. ఉస్మానియా బిస్కెట్లు చేయబోతే 170 చాలు. పది నిమిషాలు ముందే వేడెక్కనిచ్చాక లోపల పెట్టండి. బిస్కెట్లు బయటికి తీసినప్పుడు మెత్తగా ఉన్నాయని మళ్లీ లోపల పెట్టకండి, చల్లారాకే అవి బిగుస్తాయి.

ప్రశ్న: కూరలో ఉప్పు ఎక్కువైతే బంగాళాదుంప ముక్క వేస్తే పీల్చేస్తుందంటారు. నిజమేనా?

జవాబు: బంగాళాదుంప ఉప్పొక్కదాన్నే ఏరుకుని పీల్చదు, పులుసు మొత్తాన్ని పీలుస్తుంది. మిగిలిన పులుసు ఎంత ఉప్పగా ఉందో అంతే ఉంటుంది. ముక్కలు నాలుగు ఎక్కువ వేసి అవి తింటే కూర పెరుగుతుంది కాబట్టి కాస్త తగ్గినట్టుంటుంది, అంతే. పులుసయితే నీళ్లూ పులుపూ పెంచండి. వేపుడైతే వేయించిన వేరుశనగపప్పు పొడో, కొబ్బరి కోరో చల్లండి. ఇగురు కూరల్లో కాసిని పాలు. ఏం చేసినా దిగకపోతే ఆ పూట అన్నం ఎక్కువ కలుపుకోండి, అప్పడాలు మాత్రం వేయించకండి.

ప్రశ్న: సంక్రాంతికి మా వైపు సకినాలే చేస్తాం. ఈసారి ఆంధ్ర కోడలు వచ్చింది కదా అని ఆమె కోసం అరిసెలు మొదలుపెట్టాను. నూనెలో వేయగానే విచ్చిపోయి ముక్కలు ముక్కలయ్యాయి. నూనె అంతా మడ్డి. కోడలు నవ్వాపుకోలేకపోయింది. — అత్తగారు, ఖమ్మం

జవాబు: కోడలి కోసం అరిసెలు మొదలుపెట్టిన అత్తగారంటే నాకు ముందే ఇష్టం కలిగింది వదినగారూ. మీకు ధైర్యం చెప్పడానికి నా సంగతి ఒకటి రాస్తాను. పెళ్లయిన మొదటి సంక్రాంతికి మా అత్తగారింట్లో పాకం నేను పడతానని గొప్పగా చెప్పాను. మూడు అరిసెలు వేశాను, మూడూ నూనెలో కలిసిపోయాయి, చుట్టూ తోటికోడళ్లు. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. మిగిలిన పిండిలో ఇంత నెయ్యీ కొబ్బరి ముక్కలూ వేసి చలిమిడి ముద్దలు చేసి పిల్లలందరికీ పంచేసి, ఈ ఏడు చలిమిడే బాగుందర్రా అనేశారు. రాత్రి మాత్రం నన్ను పిలిచి నీళ్ల గిన్నె ముందు పెట్టుకుని పాకం చూడటం నేర్పించారు.

అరిసె నూనెలో విచ్చిందంటే పాకం లేతగా ఉండగానే పిండి పోశారని. రాయిలా గట్టిపడితే పాకం ముదిరిందని. ఈ రెంటికీ మధ్య ఉన్న సమయం రెండు నిమిషాలు కూడా ఉండదు, అందుకే పాకం దగ్గర నిలబడ్డవాళ్లని ఫోన్ ఎత్తనివ్వకూడదు. పళ్లెంలో చల్లటి నీళ్లు పోసుకుని అందులో పాకం చుక్క వేయండి. నీళ్లలో కరిగిపోయినా, పాకినా ఇంకా కాలేదు. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టాలి, ఆ ఉండని నొక్కితే అణగాలి. దాన్నే ఉండపాకం అంటాం. ఉండ పళ్లేనికేసి కొడితే టంగుమని మోగిందా, అది వేరుశనగ చిక్కీకి, అరిసెలకి కాదు.

పాకం కుదిరినా అరిసె విరిగిందంటే పిండి ఆరిపోయిందని అర్థం. బియ్యం ఒక పగలూ ఒక రాత్రీ నానాలి, మధ్యలో నీళ్లు మార్చాలి. వడేసి బట్ట మీద నీడలో ఆరబెట్టి, చేతికి తడి తగులుతూ ఉండగానే పిండి పట్టించాలి. పట్టిన పిండిని గిన్నెలో అదిమి, మూత పెట్టి ఉంచాలి. కొన్న పొడి బియ్యప్పిండితో మాత్రం అరిసెలు పెట్టుకోకండి, నేను ఒకసారి పెట్టుకుని మళ్లీ పెట్టుకోలేదు. కేజీ బియ్యానికి మా లెక్క ముప్పావు కేజీ బెల్లం. పాకం రాగానే పొయ్యి మీంచి దింపి, ఒకళ్లు పిండి పోస్తుంటే ఒకళ్లు తిప్పుతూ, చలిమిడి కాస్త జారుగా ఉండగానే ఆపేయాలి, చల్లారితే అదే గట్టిపడుతుంది. పిండి మొత్తం పోసేయాలని రూలేం లేదు, ఎప్పుడూ గుప్పెడు మిగలాలి. ఆ మిగిలిన గుప్పెడే మీకు అక్కరకొస్తుంది. ముందు ఒకే ఒక్క అరిసె వేసి చూస్తారు కదా, విచ్చితే ఆ తడిపిండి కొంచెం కలిపి ఇంకోటి వేసి చూడండి. పైన నువ్వులద్ది, మధ్యస్థం మంట మీద ఎర్రగా వేయించి, రెండు చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కేయండి. ఆ అమ్మాయి నవ్వితే నవ్వింది గానీ, వచ్చే సంక్రాంతికి సకినాలు చుట్టడం ఆమె చేతికివ్వండి. బియ్యప్పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ గుండ్రంగా మూడు నాలుగు వరసలు తిప్పడం ఎంత సులువో తెలుస్తుంది.

ప్రశ్న: పండక్కి వాడిన నూనె రెండు లీటర్లు మిగిలింది. పారబోయడానికి మనసొప్పడం లేదు, వాడితే రోగాలొస్తాయని పిల్లలు గోల. — గృహిణి, నంద్యాల

జవాబు: పిల్లలు చెప్పింది నిజమే. కాగిన కొద్దీ నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనేవి పెరుగుతూ పోతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వంటకి పనికిరాదని మన దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన, 2018 జులై నుంచి అమలులో ఉంది. ఇంట్లో మనం శాతాలు కొలవలేం. కళ్లతో, ముక్కుతో చూసుకోవాలి. నూనె నల్లబడి చిక్కబడినా, వేడి చేయగానే నురగ తేలుతున్నా, మామూలు కంటే ముందే పొగ వస్తున్నా, వాసన మారినా దాన్ని వదిలేయండి. ఒక్కసారే కాగి తేటగా ఉంటే చల్లారాక పలచటి బట్టలో వడగట్టి, రెండు మూడు రోజుల్లో కూరల తాలింపుకి వాడేయండి. మళ్లీ దాంట్లోనే పూరీలు, మర్నాడు బజ్జీలు, ఆ పైన కొత్త నూనె కొంచెం కలపడం, ఇది మాత్రం వద్దు. పాత నూనెలో కొత్తది పోస్తే పాతది బాగుపడదు, కొత్తది పాడవుతుంది. సింకులో పోయకండి, గొట్టంలో పేరుకుంటుంది.

అసలు రెండు లీటర్లు ఎందుకు మిగిలింది? పెద్ద మూకుడు పెట్టి ఉంటారు. చిన్న, లోతైన మూకుట్లో అరలీటరు పోసి నాలుగేసి వేయించుకుంటే పని కాస్త ఆలస్యమవుతుందేమో గానీ చివరికి ఈ బాధ ఉండదు.

ప్రశ్న: వేసవిలో పెట్టిన ఆవకాయ మీద తెల్లగా దూదిలా వచ్చింది. పైది తీసేసి వాడుకోవచ్చా?

జవాబు: మా అమ్మమ్మయితే తీసేసి వాడుకోమనేది. నేను వద్దంటాను. బూజు పైన ఎంత కనిపిస్తుందో అంతకంటే లోతుగా దిగి ఉంటుంది. బాధే, కానీ పారేయండి. పైన మెరుస్తూ గరుగ్గా ఉప్పు పలుకుల్లా ఉంటే మాత్రం అది ఉప్పే, భయం లేదు.

ఆవకాయకి శత్రువు తడి ఒక్కటే. కాయలు కడిగి, తుడిచి, ముక్కలు కొట్టాక కూడా ప్రతి ముక్కనీ పొడిబట్టతో తుడవాలి. అది పిల్లలకి అప్పజెప్పే పని, మాకూ అలాగే అప్పజెప్పేవాళ్లు, మధ్యలో ముక్కలు ఉప్పద్దుకుని తినేసేవాళ్లం. రాళ్ల ఉప్పు ఎండలో బాగా ఎండబెట్టి కొట్టాలి. ఆవపిండి, కారం, ఉప్పు మూడూ సమంగా అనేది పాత లెక్క. ఇప్పుడు బీపీ ఉందని, డాక్టరు తగ్గించమన్నాడని ఉప్పు సగం చేస్తున్నారు, కానీ ఆవకాయ నిలవుండేదే ఉప్పు మీద. ఉప్పు తగ్గించిన ఆవకాయ పెట్టాలంటే తక్కువ పెట్టుకుని ఫ్రిజ్‌లో దాచుకోవాలి, లేదా మామూలుగా పెట్టి తక్కువ తినాలి. మూడో రోజు తిరగగలిపినప్పుడు నువ్వుల నూనె ముక్కల మీద అంగుళం తేలుతోందో లేదో చూడండి. లేకపోతే అప్పుడే పోయండి. ఏ రోజుకారోజు చిన్న సీసాలోకి తీసుకుని, జాడీని మాటిమాటికీ తెరవకండి. కొత్తపల్లి కొబ్బరి అనే మామిడి రకం లాంటి పీచున్న, పుల్లటి, టెంక ముదిరిన కాయ అయితే ముక్క ఏడాదైనా మెత్తబడదు.

ప్రశ్న: రాళ్ల ఉప్పు వేసి తిప్పితే మిక్సీ బ్లేడ్లు పదునెక్కుతాయా?

జవాబు: ఎక్కవు. అంటుకున్న మసాలా జిడ్డు వదులుతుంది, అది చూసి పదునెక్కిందనుకుంటాం. పదును కావాలంటే సాన పట్టేవాడికి ఇవ్వండి, లేదా బ్లేడు మార్పించండి.

ప్రశ్న: గిన్నెలు మాడినట్టు నల్లగా అవుతున్నాయి, మంట పసుపు రంగులో వస్తోంది. సిలిండర్ అయిపోవస్తోందా?

జవాబు: సిలిండర్ అయిపోయే ముందు కూడా అలా కావచ్చు, కానీ రోజూ అదే రంగంటే బర్నర్ కన్నాల్లో పొంగిన పాలూ పప్పూ ఎండి ఉంటాయి. గ్యాసు సరిగ్గా గాలితో కలవక పసుపు మంట, దాంతో మసి. స్టవ్ పూర్తిగా చల్లారాక బర్నర్ తీసి వేడినీళ్లు, సబ్బుతో నానబెట్టి, సూదితో కన్నాలు గుచ్చి, పూర్తిగా ఆరాక పెట్టండి. అయినా మారకపోతే మెకానిక్‌ని పిలవండి. గ్యాసు పైపు ఎప్పుడు కొన్నారో గుర్తు లేదంటే అది మార్చాల్సిన పైపే, ఐదేళ్లు దాటనివ్వకండి. వాసన వస్తే స్విచ్చులేవీ వేయకండి, ఆపకండి కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులూ కిటికీలూ తెరిచి, బయటికి వచ్చాక 1906 నంబరుకి ఫోన్ చేయండి.

ప్రశ్న: అమ్మా, నాకు 68 ఏళ్లు. మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది, మూడు నెలలు నిలబడకూడదన్నారు. నాకు కాఫీ కలపడం తప్ప ఏమీ రాదు. హోటల్ కూడు ఆవిడకి పడటం లేదు. సులువైనవి రెండు మూడు చెప్పండి. — రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిట్లోకీ మీది ముందు చదివాను, చివర రాస్తున్నాను. అన్నం, చారు, ఒక కూర. ఈ మూడూ వస్తే ఇల్లు గడిచిపోతుంది.

అన్నం: గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు, కుక్కర్‌లో. కొత్త బియ్యమైతే పావు గ్లాసు తగ్గించండి. మెతుకు అతుక్కుంటే రేపు నీళ్లు తగ్గించండి, పలుకైతే పెంచండి, ఎంత పోశారో కాగితం మీద రాసుకుంటే మూడో రోజుకి మీ లెక్క మీకు దొరుకుతుంది. లెక్కలు మీకు చెప్పక్కర్లేదు.

చారు: చిన్న నిమ్మకాయంత చింతపండు గోరువెచ్చని నీళ్లలో పావుగంట నానబెట్టి పిసికి వడగట్టండి, మొత్తం మూడు గ్లాసుల నీళ్లు. ఒక టమాటా చేత్తో చిదిమి వేయండి. ఉప్పు, పసుపు. ఒక స్పూను మిరియాలు, ఒక స్పూను జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి వేయండి. పది నిమిషాలు కాగాక పైకి నురగ పొంగుతుంది, ఆ నురగ వచ్చిన వెంటనే దింపేయాలి, ఇంకా మరిగిస్తే మిరియం ఘాటు పోయి చేదొస్తుంది. నేతిలో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర, ఎండుమిరపకాయ, చివర ఇంగువ, కరివేపాకు వేసి చారులో వేసి మూత పెట్టేయండి. ఆవాలు పేలకముందే మిగతావి వేయకండి. ఇంగువ ముందు వేసి మాడ్చకండి. కరివేపాకు తడిగా ఉంటే చిందుతుంది, మొహం దూరంగా పెట్టండి.

కూర: బీరకాయ. చెక్కు తీసి, ప్రతి కాయా కొస కొంచెం కొరికి చూడండి, చేదుంటే ఆ కాయ మొత్తం పారేయండి, సగం కోసి వాడకండి. సొరకాయకీ ఇదే మాట, చేదు కాయ తింటే వాంతులు పట్టుకుంటాయి. నూనెలో పోపు, ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు వేగాక ముక్కలు వేసి మూత పెట్టండి. నీళ్లు పోయొద్దు, కాయలోంచే నీరు ఊరుతుంది. వేసినప్పుడు మూకుడు నిండా కనిపిస్తుంది, పది నిమిషాల్లో సగానికి దిగిపోతుంది, కాబట్టి నిండుగా ఉన్నప్పుడు చూసి ఉప్పు వేయకండి, దిగాక వేయండి. ఆఖర్న అర గ్లాసు కాచిన పాలు పోసి రెండు నిమిషాలు ఉంచి కట్టేయండి.

ఆవిడ మంచం మీంచే, ఉప్పు వేశారా, మంట తగ్గించారా అని అడుగుతూ ఉంటారు. విసుక్కోకండి. వీలైతే వంటింటి గుమ్మం దగ్గర చేతులున్న కుర్చీ వేసి, కాలు చాపుకోవడానికి ఎదురుగా స్టూలు పెట్టి కూర్చోబెట్టండి. రుచి చూడమని చెంచాతో అందించండి, గరిటె మాత్రం ఇవ్వకండి, ఇస్తే లేచి నిలబడతారు.